సముద్రతీరమున చెవి

మా మల్కాజ్‌గిరికి సముద్రము మిక్కిలి దూరము. అయినను వేసవి సెలవులు వచ్చినంతనే ఇచ్చటి కుటుంబములు సికింద్రాబాదు స్టేషనులో రాత్రి బండి యెక్కి, తెల్లవాఱి విశాఖపట్టణమున దిగి, నాటి సాయంకాలమే రామకృష్ణా బీచిలో నిలుచుట పరిపాటి. కొందఱు బాపట్లలో దిగి సూర్యలంకకు పోవుదురు. ఆ ప్రయాణపు పెట్టెలలో నేడు తఱచుగా కానవచ్చు వస్తు వొకటి కలదు. అది తాతగారి శ్రవణయంత్రము, లేదా పుట్టుకతో వినికిడి తగ్గిన పిల్లవాని శ్రవణయంత్రము. లోకులు చెవి మిషను అందురు. నీటి యొద్దకు పోవునపుడు దీనిని పెట్టుకొనవలెనా, తీసివేయవలెనా అను సంశయము స్వల్పముగా తోచును. దాని వెనుక నున్న చరిత్ర మాత్రము స్వల్పము కాదు. నేడు దానినే మనవి చేయ సంకల్పించితిని. చెవిని గూర్చి రేడియోలో ప్రసంగించుట యందు ఒక చిక్కు లేకపోలేదు. ఈ మాటలు ఎవరికి ముఖ్యముగా కావలెనో వారిలో పలువురు వీనిని వినజాలరు. ఇవి పుస్తకముగా అచ్చుపడునను ధైర్యముతోనే ఉపక్రమించుచున్నాను.

చెవికి శత్రువు లెవరో మన ప్రాచీన వైద్యులు చక్కగా ఎఱుగుదురు. సుశ్రుతుడు కర్ణరోగములను 28గా గణించి, కర్ణశూల, కర్ణనాద, బాధిర్యములను వేర్వేఱుగా వివరించెను. వాగ్భటుడు అష్టాంగహృదయము ఉత్తరస్థానమున చెవిపోటునకు హేతువులు చెప్పుచు ప్రతిశ్యాయమును, జలక్రీడను, చెవిని గోకుకొనుటను, శబ్దముయొక్క మిథ్యాయోగమును ఒక్కచోట కూర్చినాడు. ప్రతిశ్యాయ మనగా జలుబు. మిథ్యాయోగ మనగా ఇంద్రియము తన విషయముతో తగని రీతిని కలియుట. ఈ నాలుగింటిని నేటి చెవి వైద్యుని యెదుట చదివినచో ఆయన ఒక్కదానినైన కొట్టివేయడు. నీరు చెవిగొట్టములో నిలిచినపుడు లోపలి చర్మము నానును. నానిన చర్మమును పుల్లతోనో పిన్నీసుతోనో గీకినపుడు సన్నని గాయ మగును. ఆ గాయమున సూక్ష్మజీవులు ప్రవేశించి వాపును, చీమును, చెవి తాకనీయని పోటును కలిగించును. ఉక్కపోత గల సముద్రతీరమున వేసవిలో ఇది మఱింత సులభము. మనము మురికి యని రోయు గుబిలి నిజమునకు ఆ చర్మమునకు పూత వంటిది. దానిని తుడిచి తుడిచి తీయువాడు తన కోట గోడను తానే త్రవ్వుకొనుచున్నాడు.

వాగ్భటుని యందు నాకు గౌరవము మెండు. అయినను చెవిలో కాచిన నూనె పోయు మన యిండ్ల అలవాటును నేను సమర్థింపను. కర్ణపూరణము వైద్యుడు చెవిని చూచి చేయించిన క్రియ. చీము కారు చెవిలో కర్ణభేరికి రంధ్ర మున్నదో లేదో చూడక అమ్మమ్మలు పోయు నూనె వేఱు. అట్టి రంధ్రము గలవారు సముద్రములో మునుగనే రాదు.

శబ్దముయొక్క మిథ్యాయోగమునకు మా ప్రాంతమున ఉదాహరణము వెదకనక్కఱలేదు. 1893లో నెలకొన్న లాలాగూడ రైల్వే కర్మాగారము మాకు పొరుగుననే యున్నది. మా వీధులలో రైల్వే పింఛనుదారులు పెక్కుమంది. ఇనుప రేకులపై సుత్తి మ్రోత నడుమ ఏండ్ల తరబడి పనిచేసినవాని చెవి యేమగునో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున థామస్ బార్ అను వైద్యుడు 1886లోనే బాయిలరులు చేయు కార్మికులను పరీక్షించి చూపెను. అట్లు పోయిన వినికిడి తిరిగి రాదు. యంత్రమే దిక్కు.

ఆ యంత్రము మొదట నొక బూరా మాత్రమే. సంగీత విద్వాంసుడు బీథోవెన్ కొఱకు మేల్జెల్ అను శిల్పి 1812 మొదలుకొని రెండు మూడేండ్లలో చేసిన లోహపు బూరాలు ప్రసిద్ధములు. అట్టిది సముద్రమున పడినను దులిపి తుడుచుకొన్నచో సరిపోవును. విద్యుత్తు ప్రవేశించిన పిమ్మట కథ మాఱినది. టెలిఫోను నిర్మించిన అలెగ్జాండరు గ్రాహంబెల్ బధిరులకు చదువు చెప్పిన ఉపాధ్యాయుడు. ఆయన తల్లికి వినికిడి మిక్కిలి తక్కువ, భార్యకు బాల్యముననే వినికిడి పోయినది. 1876లో పుట్టిన ఆ టెలిఫోను మార్గముననే 19వ శతాబ్ది చివర అమెరికాలో హచిసన్ విద్యుత్ శ్రవణయంత్రమును కూర్చెను. అందలి బొగ్గురవలు తేమ తగిలిన ముద్దకట్టును. పిదప 1920 ప్రాంతమున వాల్వులు వచ్చినవి. 1930వ దశకమున హైదరాబాదులో రేడియో మొదలైననాడు పెట్టెలో వెలిగిన వాల్వునకు ఇవి తోబుట్టువులే. పెట్టె యొకచోట, బరువైన బ్యాటరీ లొకచోట, నడుమ తీగలు. వానిని తగిలించుకొని సముద్రమునకు పోవుదమను ఊహ యెవనికిని రాదు.

1947లో ట్రాన్సిస్టరు పుట్టినది. శ్రోతలు దీని పేరు వినగానే రేడియో అనుకొందురు. కాని ట్రాన్సిస్టరు సామాన్యుని చేతికి మొదట వచ్చినది చెవి మిషను రూపముననే. సోనోటోన్ సంస్థవారి యంత్రము 1952 చివర వెలువడినది, జేబు రేడియో 1954లో గాని రాలేదు. గ్రాహంబెల్ బధిరులకు చేసిన సేవను స్మరించి, శ్రవణయంత్రములు చేయువారి నుండి ఆ పేటెంటునకు రుసుము తీసికొనలేదు. వ్యాపారచరిత్రలో ఇట్టి పుటలు మిక్కిలి తక్కువ. అయితే తొలినాటి ట్రాన్సిస్టరులు ఒంటి తేమకు తాళలేక చెడిపోవుచు వచ్చినవి. యంత్రము చిన్నదగుకొలది శరీరమునకు చేరువయ్యెను, చేరువైనకొలది చెవికి గల శత్రువులే దానికిని శత్రువులైరి. జేబు నుండి చెవి వెనుకకు, వెనుక నుండి చెవిలోనికి అది ప్రాకినది. 1970వ దశకమున వచ్చిన జింకు బ్యాటరీ గాలి పీల్చి పనిచేయును. కనుక దాని గదిని గాలి చొరకుండ మూయుటకు వీలులేదు. గాలి పోవు దారిని తేమయు పోవును.

ఇప్పుడు జలనిరోధక మని ఐ.పి. 68 గుర్తు వేసిన యంత్రములు వచ్చుచున్నవి. ఆ పరీక్ష మంచినీటిలో, నియమిత కాలమునకు చేయునది. సముద్రపు నీరు ఆఱిన తరువాత ఉప్పు మిగులును. ఆ ఉప్పు గాలిలోని తేమను లాగి లోహమును తినును. ఇసుక రేణువులు మైక్రోఫోను కన్నములను పూడ్చును. కనుక స్నానమునకు ముందు యంత్రమును తీసి, బ్యాటరీ తలుపు తెఱచి, తేమ పీల్చు గుళికలున్న డబ్బీలో ఉంచవలెను. ఎండలో నిలిపిన కారులో మాత్రము ఉంచరాదు. చెవి పూర్తిగా ఆఱిన పిమ్మటనే మరల ధరింపవలెను.

ఇంతవఱకు సులభమే. అసలు కష్టము ఇచ్చటనే యున్నది. యంత్రము తీసిన క్షణమున ఆ పిల్లవానికి అలల హోరు గాని, వెనుకనుండి తల్లి వేసిన కేక గాని వినబడదు. విశాఖ తీరమున వెనుకకు లాగు ప్రవాహములు ప్రాణములు తీసిన సంగతి పత్రికలు ప్రతి వేసవిలోను చెప్పుచునే యున్నవి. మఱి కొందఱు దీనికి భయపడి, యంత్రమునకు పెట్టిన ధనమునకు భయపడి, దానిని మల్కాజ్‌గిరి బీరువాలోనే తాళము వేసి పోవుదురు. నాలుగు రోజులు మనుమల నడుమ చిఱునవ్వుతో మౌనముగా కూర్చుండు ముసలివారిని నేను చూచితిని. యంత్రము భద్రముగనే యున్నది, మనిషి మాత్రము ఒంటరి యయ్యెను.

ధనాభావమే కారణమైనచో, పేదవారికి ఉపకరణము లిచ్చు కేంద్రప్రభుత్వ పథకము 1981 నుండి కలదు. ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన మన హైదరాబాదు వాడు అలీ యావర్ జంగ్ పేర 1983లో బొంబాయిలో జాతీయ శ్రవణసంస్థ వెలసినది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రము సికింద్రాబాదు మనోవికాసనగరమున నున్నది. అచ్చట వినికిడిని పరీక్షింతురు, యంత్రమును అమర్తురు.

నీటిలోనికి దిగుటకు ముందే, యంత్రము చెవిలో నున్నప్పుడే, సైగలు నిర్ణయించుకొనవలెను. చేయి పైకెత్తిన వెంటనే ఒడ్డునకు రావలెను, రెండు చేతు లూపినచో నిలిచిపోవలెను. ఇంటివారిలో ఒకరు పిల్లవానికంటె లోతు వైపున, వానికి ఎదురుగా, వాడు చూచుచోట నిలిచి యుండవలెను. డబ్బీ మఱియొకరి చేతిలో ఉండవలెను.