హోసూరు: మధ్యతరగతి ఇళ్లు

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా హోసూరు బెంగళూరుకు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని సరిహద్దు ఊరు. తెలుగు, కన్నడం, తమిళం ఒకే అంగట్లో వినిపిస్తాయి. 1970లలో తమిళనాడు ప్రభుత్వ సంస్థ సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. తర్వాత అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్. 2019లో నగరపాలక సంస్థ అయింది.

ఇక్కడి వేతనజీవి స్థలం బేరమాడబోతే, సరిహద్దు అవతలి అత్తిబెలె దాటి వచ్చే బెంగళూరు వేతనజీవి పోటీగా పక్కనే నిలబడి ఉంటాడు. షిఫ్టు దిగి కంపెనీ బస్సులో వచ్చేవాడికి మిగిలేది చాలాసార్లు మేడమీది రెండు గదుల అద్దె వాటా. గృహనిర్మాణ మండలి కాలనీలు కొంత ఆదుకున్నాయి.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద 2017 నుంచి ఏటా 6–18 లక్షల ఆదాయం గలవారికీ గృహరుణంపై వడ్డీ రాయితీ దక్కింది. 2021 మార్చి 31తో ఆగింది. 2024 నాటి రెండో విడతలో మధ్యతరగతి గీతను 9 లక్షల దగ్గర గీశారు. ఇద్దరూ కష్టపడి 10 లక్షలు తెచ్చే దంపతులు ఆ గీతకు అవతలే.