పనస పిక్క, నెత్తుటి చుక్క

ఆ పిక్కల్ని నిప్పుల అంచున పెట్టండర్రా. ముందు తొక్క మీద చిన్న గాటు పెట్టాలి, లేకపోతే పేలిపోతాయి. ఆఁ, అలాగ. అవి కాలీలోగా వాటి సంగతే చెప్తాను. మన ఉద్దానం పనస పరాయి రాష్ట్రాలకి పోతాదని అందరికీ తెలుసు. దాని పిక్క పెద్ద పెద్ద ల్యాబులకెక్కిందని ఈ సంతబొమ్మాళిలో ఎంతమందికి తెలుసు?

నేను వాల్తేరులో చదువుకునీ రోజుల్లో చక్కెరంటే ఒకటే పాఠం. గ్లూకోజు ఖర్చయితే శక్తి, మిగిలింది కాలేయంలో గ్లైకోజన్. అంతే. ప్రోటీన్లు చదివినోడు గొప్పోడు, డీఎన్ఏ చదివినోడు మరీ గొప్పోడు. చక్కెరల జోలికెళ్లినోణ్ణి జాలిగా చూసీవారు. ఎందుకంటే అవి లొంగవురా. ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాలు ఒకే వరసలో ఉంటాయి. చక్కెర గొలుసు కొమ్మలేస్తాది. అవే రెండు చక్కెరలు ఏ మూలన అతుక్కున్నాయన్నదాన్ని బట్టి వేరు వేరు పదార్థాలైపోతాయి. పైగా వాటికి జన్యువులో నేరుగా మూస లేదు. ఎంజైములే ఒకదాని తరవాత ఒకటి అతికించుకుంటూ పోతాయి.

పనసకాయ ఒళ్లంతా ముళ్లున్నట్టు మన కణాల ఒళ్లంతా ఈ గొలుసులే. నెత్తురు గ్రూపుల తేడా ఏటనుకున్నారు? ఎర్రకణం మీదున్న గొలుసు చివర ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్ ఉంటే ఏ గ్రూపు, గెలాక్టోజ్ ఉంటే బీ గ్రూపు, రెండూ లేకపోతే ఓ. ఒక్క చక్కెర తేడా! అది చూడకుండా నెత్తురెక్కిస్తే ప్రాణానికే ముప్పు.

మరి ఆ చక్కెరల్ని గుర్తుపట్టడమెలాగ? ఇక్కడే గింజలొచ్చాయి. 1888లో డోర్పాట్ యూనివర్సిటీలో స్టిల్‌మార్క్ అనే ఆయన, ఆముదం గింజల సారం కలిపితే నెత్తుటి కణాలు గుంపు కడతాయని చూశాడు. చక్కెరని పట్టుకునీ అలాంటి ప్రోటీన్లకే తరవాత లెక్టిన్లని పేరొచ్చింది.

ల్యాబులో నేను చేసిన పని చెప్తాను, వినండి. పిక్కల్ని పొడిచేసి, ఉప్పునీళ్లలో రాత్రంతా చల్లటిచోట ఉంచీవాళ్లం. మన నౌపడ మడుల నీరంత ఉప్పు కాదు, లీటరుకి తొమ్మిది గ్రాములే. వడకట్టి, గెలాక్టోజ్ అతికించిన జిగురు పూసలు నింపిన గాజు గొట్టంలోకి బొట్టు బొట్టుగా దించితే, మిగతా ప్రోటీన్లన్నీ జారిపోయి లెక్టినొక్కటే అక్కడ అతుక్కుపోయీది. మళ్లీ గెలాక్టోజ్ కలిపిన నీళ్లు పోస్తే పట్టు వదిలి కిందకి దిగీది. దాన్ని గుంటల పలకలో సగానికి సగం పలచన చేసుకుంటూ పోయి, ప్రతి గుంటలోనూ కడిగిన ఎర్రకణాలు వేసీవాళ్లం. కాసేపాగి చూస్తే, లెక్టిన్ చాలినచోట కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గుంట అడుగంతా పరుచుకునీవి. చాలనిచోట జారి మధ్యన ఎర్ర చుక్కై నిలిచీవి. ఆ చుక్క ఎన్నో గుంటలో మొదలైందో అదే కొలత. తరవాత ఒక్కొక్క చక్కెరనీ కలిపి చూడాలి. ఏది కలిపితే గుంపు కట్టడం ఆగిపోతాదో, లెక్టిన్ పట్టుకునీది దాన్నే. ఆ చుక్క కోసం పలక మీదకి వంగి కూచున్న గంటలే నా జీవితంలో మంచి గంటలు.

పనస పిక్క లెక్టిన్‌కి జాకలిన్ అని పేరు. 1986లో బెంగళూరు ఐఐఎస్సీలో అవధేశ సురోలియా గారి బృందం, అందులో ఎం.జె. స్వామి గారు కూడా ఉన్నారు, అది టీ-యాంటిజెన్ అనే చక్కెర జంటని ప్రత్యేకించి గుర్తుపడతాదని తేల్చింది. మామూలు కణాల్లో ఆ జంట మీద వేరే చక్కెరలు కప్పి ఉంటాయి. చాలా క్యాన్సర్లలో అది బయటపడిపోతాది. 1996లో అక్కడే ఎం. విజయన్ గారి బృందం జాకలిన్ అణువు ఆకారం బయటపెట్టింది. పిక్కలో ఆ ప్రోటీన్ గొలుసు ఒకచోట తెగి రెండైతేనే చక్కెరని పట్టుకునీ చోటు కుదురుతాదట. తెగడమే దానికి గుణమిచ్చింది! ఆ పని చేసిన శంకరనారాయణన్ గారు తరవాత హైదరాబాద్ సీసీఎంబీకి వచ్చారు. స్వామి గారు హైదరాబాద్ యూనివర్సిటీలో పొట్ల గింజల లెక్టిన్ మీదా, దొండ రసంలోని లెక్టిన్ మీదా పనిచేశారు. అన్నీ మన పెరటి పాదులే.

మన ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా దీంతో తేలదా అని అడుగుతున్నావా తల్లీ? మంచి ప్రశ్న. ఐజీఏ నెఫ్రోపతీ అని ఒకటుంది. అందులో ఐజీఏ1 అనే యాంటీబాడీ మీది గొలుసుల్లో గెలాక్టోజ్ తగ్గిపోయి, అది కిడ్నీ వడపోత గుత్తుల్లో పేరుకుంటాది. నెత్తుట్లోంచి ఆ ఐజీఏ1ని విడదియ్యడానికి వాడీది జాకలిన్ గొట్టాలే. కానీ మన ఉద్దానానిది ఆ జబ్బు కాదు. ఇక్కడ కిడ్నీలోని సన్నటి నాళాలూ వాటి మధ్యనున్న కణజాలమూ ముందు పాడవుతున్నాయి. మీ చినతాతని డయాలసిస్‌కి తిప్పిన రోజులు నాకింకా కళ్లముందే ఉన్నాయి. మూలకారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రీ, పరిశోధన కేంద్రమూ తెరిచారు. కిడ్నీ వడపోత పొరలో కూడా హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులున్నాయమ్మా. నువ్వు బయోకెమిస్ట్రీ చదువుతానంటే ఆ పుస్తకాలన్నీ తీసిస్తాను, రాత్రిళ్లు కూచుని చెప్తాను కూడా.