ఎద్దు నడక నుంచి ఎముక చిత్రం దాకా: పల్నాటి నీరు, ఫ్లోరిన్, వైద్యచిత్రణ

వ్యాససంగ్రహం:
తాగునీటిలోని ఫ్లోరైడ్ ఎముకలకు చేసే హానిని తెలుగునేలపై మొదట పసిగట్టినవారు ఎద్దుల నడకను గమనించిన రైతులు. ఎక్స్-రే సాక్ష్యం ఆ తరువాత వచ్చింది. మనిషికంటె ముందు జంతువులో వ్యాధిని చూడడమనే ఈ క్రమం నేటి ప్రీ-క్లినికల్ పెట్-సీటీ పరిశోధనలోనూ కనిపిస్తుంది. ఈ సంబంధాన్ని పల్నాడు, దాని పొరుగు ప్రాంతాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పల్నాడు, ఫ్లోరోసిస్, నాగార్జునసాగర్, ఎక్స్-రే, పెట్-సీటీ.

1. ప్రవేశిక:
పల్నాటిలో దాహంతో అలమటించిన శ్రీనాథుడు, ఇద్దరు భార్యలెందుకు, గంగను విడిచిపెట్టమని శివుణ్ణి అడిగినట్లు ఒక చాటువు ప్రసిద్ధం. ఈ సీమ జొన్నకూటిని గురించిన చాటువులూ ఆయన పేరనే ప్రచారంలో ఉన్నాయి. నీటి కరవు, జొన్న తిండి అనే ఈ రెండు అంశాలు కొన్ని శతాబ్దాల తరువాత వైద్యపరిశోధనలో మళ్లీ ఎదురుకావడం విశేషం. నీటి కొరత కంటికి కనిపించే బాధ. నీటిలో కరిగిన ఫ్లోరైడ్‌ను మాత్రం కన్నూ నాలుకా గుర్తించలేవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్దేశించింది. నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండ, బొల్లాపల్లి ప్రాంతాల భూగర్భజలాలలో ఫ్లోరైడ్ సమస్య ఉన్నది.

2. ఎద్దులే తొలి సాక్షులు:
వినుకొండకు దక్షిణాన ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1930లలో నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడి రైతులు అరక కట్టే ఎద్దులు కీళ్లు బిగుసుకొని, నొప్పితో అడుగు వేయలేకపోవడం గమనించారు. అదే లక్షణం మనుషులలో గుర్తింపు పొందడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. శాస్త్రచరిత్రలు సాధారణంగా 1937 నాటి పరిశోధనపత్రంతో ఈ కథను మొదలుపెడతాయి. రైతు పరిశీలనను పీఠికగా కాక తొలి ఆధారంగానే పరిగణించడం న్యాయం.

3. ఎక్స్-రే చూపిన ఎముక:
1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అనే నలుగురు వైద్యులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్‌ను ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వివరించారు. వీరిలో బార్నార్డ్ రేడియాలజిస్టు. మద్రాసులో 1934లో ప్రారంభమైన బార్నార్డ్ రేడియాలజీ సంస్థ ఆయన పేరుననే వెలసింది. ఈ వ్యాధిలో వెన్నెముక సాంద్రత పెరిగి చిత్రంలో మరింత తెల్లగా కనిపిస్తుంది. స్నాయువులలో సున్నం పేరుకొంటుంది. వంగని నడుముకు కారణం లోపలి ఎముకలో ఉన్నదని చిత్రం నిరూపించింది. అయితే ఎక్స్-రేలో ఇంత స్పష్టంగా కనిపించేనాటికే నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

4. సాగర్ పరిసరాలు:
మాచర్లకు సమీపంలో 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు విడిచారు. ఆనకట్టకు అవతలి గట్టున ఉన్న నల్గొండ జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగి, పాదాలు ఎడమయ్యే వైకల్యాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. బాధితులలో ఎక్కువమంది జొన్న తినే కుటుంబాల కౌమారులు. ఎక్స్-రేలో వెన్నెముక గట్టిపడి, కాళ్లూచేతుల ఎముకలు గుల్లబారి కనిపించాయి. ఒకే శరీరంలో పరస్పర విరుద్ధమైన రెండు మార్పులు! ఆనకట్టవల్ల భూగర్భజలమట్టం పెరిగి, జొన్నలో మాలిబ్డినం అధికమై, శరీరంలో రాగి తగ్గిందన్నది అనంతరం వచ్చిన ఒక ప్రతిపాదన. ఫ్లోరైడ్ ప్రభావాన్ని ఆహారంతో కలిపి చూడాలన్న ఆలోచనకు ఈ చిత్రాలు దారితీశాయి.

5. అదే ఫ్లోరిన్, మరో రూపం:
ఎముక ఖనిజంలోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఫ్లోరైడ్ ఆక్రమిస్తుంది. ఊరి బావినీటిలో హాని చేసిన ఈ గుణమే ప్రయోగశాలలో సాధనమైంది. 1962లో బ్లౌ బృందం రేడియోధార్మిక ఫ్లోరిన్-18ను ఎముకల చిత్రణకు ప్రవేశపెట్టింది. దాని అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. వాడే మోతాదు అత్యల్పం కనుక ఫ్లోరోసిస్ భయం లేదు. కొత్త ఎముక ఏర్పడేచోట అది ఎక్కువగా చేరుతుంది. అది వెలువరించే పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌తో కలిసి నశించినపుడు రెండు గామా కిరణాలు ఎదురెదురు దిశలలో వెలువడతాయి. పెట్ యంత్రం వాటిని పట్టి ఎముకలో జరుగుతున్న క్రియను చూపుతుంది, సీటీ ఎముక ఆకృతిని చూపుతుంది. 1990లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సైమన్ చెర్రీ బృందం చిన్న జంతువుల కోసం మైక్రోపెట్‌ను రూపొందించింది. దీనితో ఒకే ఎలుకను చంపకుండా పలుమార్లు చిత్రించి, మార్పును మొదటినుంచీ అనుసరించవచ్చు.

6. ముగింపు:
ఎద్దు, ఎక్స్-రే, పెట్-సీటీ అనే మూడు దశలలోనూ ప్రశ్న ఒక్కటే: వైకల్యం బయటపడకముందే ఎముకలోని మార్పును ఎలా తెలుసుకోవాలి? ఈ ప్రయాణంలో మూగజీవాలు రెండుసార్లు మనిషికి ముందు నిలిచాయి. తొలిసారి రైతు చూశాడు గాని, ఆ సాక్ష్యం సకాలంలో వైద్యుడికి చేరలేదు. ఎంత మేలైన చిత్రమైనా గట్టిపడిన వెన్నెముకను తిరిగి వంచలేదు. సురక్షితమైన నీరే నివారణ. పశువుల నడకనూ బావినీటినీ గురించి పల్నాటి వృద్ధరైతులు చెప్పే మాటలను సేకరించి వైద్యచరిత్రకు అందించడం తెలుగు పరిశోధకులు చేయవలసిన పని.