పొడి, నిప్పు, ఒత్తిడి

కొల్లేటి చుట్టుపట్ల గ్రామములలో కుమ్మరి ఆవమును ఎరుగనివారు అరుదు. ఏలూరికి చేరువలో, వేంగీ రాజధానియైన పెదవేగిలో త్రవ్వకములు జరిపినప్పుడు ఇటుక కట్టడములు బయల్పడినవి. ఆనాటి ఇటుకను, మొన్నటి కుండను గట్టిపరచినది నిప్పు ఒక్కటే. మట్టిలోని క్షారములు, ఇనుము వేడికి కొంత కరగి, గాజువలె రేణువులను అంటించును. ఆవములో పైనుండి నొక్కువారెవరును లేరు.

అన్ని పొడులును ఇంత సాధువులు కావు. సిలికాన్ కార్బైడు, బోరాన్ కార్బైడు వంటివి కాఠిన్యములో వజ్రమునకు దగ్గర చుట్టములు. పొడిని కరగనీయక కాల్చి ఘనముగా చేయుటను సింటరింగు అందురు. ఈ పొడుల పరమాణువులు ఒకదానినొకటి ఎంత గట్టిగా పట్టుకొని యుండుననగా, ఎంత కాల్చినను అవి కదలి సందులను పూడ్చవు. వేడి హెచ్చించినచో రేణువులు లావెక్కును. సందులు మాత్రము మిగులును.

మొదటి ఉపాయము విద్యుద్దీపము వలన వచ్చినది. బల్బులోని టంగ్‌స్టన్ తీగెను సన్నగా లాగుటకు ఖరీదైన వజ్రపు అచ్చులు కావలసివచ్చెడివి. వాని స్థానమున వాడదగిన పదార్థమును 1923లో జర్మనీలో కార్ల్ ష్రోటర్ రూపొందించినాడు. టంగ్‌స్టన్ కార్బైడు పొడికి కోబాల్టు చేర్చి నొక్కి కాల్చుటయే అతని పద్ధతి. మన సున్నుండ ఇట్టిదే. మినుప సున్నిని కలిపి ఉంచునది నెయ్యి. ఇక్కడ ఆ నెయ్యి కోబాల్టు.

నెయ్యి లేకయే ఉండ కట్టవలెనన్నచో పిడికిలి బలమే శరణ్యము. బోరాన్ కార్బైడు పొడిని గ్రాఫైటు అచ్చులో పోసి, 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిలో, చదరపు సెంటీమీటరుకు 200 నుండి 400 కిలోల ఒత్తిడితో అదుముదురు. రేణువులు తాకుకొను చోట్లనే ఆ ఒత్తిడి అంతయు పేరుకొని, పదార్థమును సందులలోనికి జరుపును. పని త్వరగా ముగియుటచే రేణువులు లావెక్కుటకు వ్యవధి ఉండదు. తూటాను ఆపు కవచములకు ఇట్టి పలకలను వాడినారు. సందులు మిగిలిన పలకను నమ్మి ఎవరు ఎదురు నిలుతురు?

అయితే ఈ ఒత్తిడి ఒకే దిక్కున పనిచేయును. మితి మీరినచో గ్రాఫైటే పగులును. వంకర రూపములును దానికి లొంగవు. 1955లో అమెరికాలోని బాటెల్ సంస్థవారు అణు ఇంధనపు తొడుగుల కొరకు, వేడి వాయువుతో నలుదిక్కుల నుండి నొక్కు విధానమును కల్పించినారు. చెరువులో మునిగినవానిని నీరు నొక్కినట్లే ఇదియును. ఒత్తిడియే సర్వమని మాత్రము మేము అనము. 1970 దశకమున ప్రోచాజ్కా సిలికాన్ కార్బైడునకు రవంత బోరాన్, కర్బనము కలిపి, ఒత్తిడి లేకయే ఘనముగా కాల్చి చూపినాడు.

మన హైదరాబాదులో రెండు మార్గములును కలవు. 1971లో నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో యురేనియం ఆక్సైడు పొడిని ముందు చల్లగా నొక్కి బిళ్లలు చేసి, పిదప హైడ్రోజన్ వాయువులో సుమారు 1700 డిగ్రీల వద్ద కాల్చుదురు. బాలాపూరులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనాలయములో విద్యుత్ప్రవాహముతో కాల్చుచునే నొక్కు యంత్రము కలదు. కొల్లేటి సీమ విద్యార్థులు ఈ శాస్త్రమునకై అంత దూరము పోనక్కరలేదు. తాడేపల్లిగూడెమున 2015లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో లోహ, పదార్థ శాస్త్ర శాఖ కలదు.