రేటింగ్ లేని రేడియోకు ప్రకటనలు ఎలా వస్తాయి?

ఏ స్టేషన్‌ను ఎంతమంది, ఎంతసేపు వింటున్నారో చెప్పే లెక్కే రేటింగ్. పెద్ద కంపెనీలు, యాడ్ ఏజెన్సీలు ఆ లెక్క చూసే డబ్బు పెడతాయి. మన దేశంలో 2007లో టామ్ సంస్థ 'రామ్' పేరుతో రేడియో రేటింగ్ మొదలుపెట్టింది. ఎంపిక చేసిన శ్రోతలు ఏ స్టేషన్ ఎప్పుడు విన్నారో డైరీలో రాసేవారు. అదీ ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరుల్లోనే. హైదరాబాద్‌కే చోటు లేనప్పుడు చిన్న ఊళ్ల రేడియోల సంగతి చెప్పేదేముంది?

జహీరాబాద్ దగ్గర దళిత మహిళలు 2008లో మొదలుపెట్టిన 'సంఘం రేడియో' లాంటివి కమ్యూనిటీ రేడియోలు. ఇవి చుట్టుపక్కల 10-15 కిలోమీటర్ల వరకే వినపడతాయి. ప్రైవేటు ప్రకటనలైతే స్థానిక వ్యాపారాలవే వేయాలి. 2024 నిబంధనలతో ప్రకటనల సమయం గంటకు 7 నిమిషాల నుంచి 12కు పెరిగింది. ప్రభుత్వ ప్రకటనల రేటు 2023లో 10 సెకన్లకు రూ.52 నుంచి రూ.74 అయింది. ఆ రేటుతో 12 నిమిషాలూ నిండితే గంటకు రూ.5,328 వస్తాయి. కానీ నిండడమే కష్టం.

అందుకే ఇలాంటి స్టేషన్‌కు ఊళ్లోని దుకాణదారులే దిక్కు. వాళ్లకు రేటింగ్‌తో పనిలేదు. రంజాన్ ముందు బట్టల షాపు ప్రకటన వేయించి, "రేడియోలో విని వచ్చాం భాయ్" అన్నవాళ్లను ఒక వారం లెక్కపెట్టుకుంటే చాలు, డబ్బు దండగో కాదో తేలిపోతుంది.