కళింగతీరపు రేవులు: మూలపేట

మహాసభకు విచ్చేసిన సోదరులకు మన తీరమునందలి రేవుల చరిత్రమును గూర్చి కొంత విన్నవింపఁ దలఁచితిమి. సంతబొమ్మాళి మండలమునందలి మూలపేట యొద్ద 2023 ఏప్రిల్ 19వ తేదీని అప్పటి ముఖ్యమంత్రి శ్రీ వై. యస్. జగన్మోహన రెడ్డిగారు ఓడరేవునకు శంకుస్థాపన గావించిరి. భావనపాడు రేవను పేర పెక్కేండ్లు ప్రజల నోట నానిన పథకమే యిది; స్థలము కొంత జరిగెను, పేరు మాఱెను. నాలుగు బెర్తులతో ఏటికి 2 కోట్ల 35 లక్షల టన్నుల సరకు ఎగుమతి దిగుమతులకు వీలగునట్లు 4,362 కోట్ల రూపాయల యంచనాతో దీనిని దలపెట్టిరి. ఇది మన తీరమునకు మొదటి రేవని కొందఱు చెప్పుకొనుచున్నారు. అట్లనుట మన పూర్వులను మఱచుటయే.

వంశధార సముద్రమునఁ గలియుచోటఁ గళింగపట్టణమును, మహేంద్రతనయ కలియుచోట బారువయు ఓడలు నిలిచిన రేవులే. వంశధార యొడ్డుననే ఎగువను శాలిహుండము బౌద్ధక్షేత్రమును, అంతకు నెగువను గాంగరాజుల నాఁటి ముఖలింగమును గలవు. రేవు సముద్రముచేత మాత్రమే బ్రదుకదు, వెనుకనున్న నేలచే బ్రదుకునని యీ నదీతీరము చూచిన వారికిఁ దోఁచును.

ఆ రేవులలో ఓడ యొడ్డునకు వచ్చెడిది కాదు. అలలకు వెలుపల లంగరు దించుకొని యుండెడిది. సరకును మనుష్యులను మసూలాపడవలలో నెక్కించి కెరటములు దాఁటించెడివారు. ఆ పడవలకు మేకులు లేవు. పలకలను కొబ్బరినారత్రాళ్లతోఁ గుట్టెడివారు. మేకులు కొట్టిన పడవ ఇసుకకుఁ దాఁకిన బద్దలగును, కుట్టినది వంగి నిలుచును. ఈ నేర్పు మన తీరవాసులది. రేవుల చరిత్ర వ్రాసినవారు ఓడల పేళ్లు వ్రాసిరి గాని పడవ నడిపినవాని పేరు వ్రాసినవారు కానరారు.

ఈ రేవులు తుపానులచే నశించెనని పలువురందురు. మా యభిప్రాయము వేఱు. 1890 తరువాతి పదియేండ్లలో తూర్పుతీరపు రైలుమార్గము వచ్చెను. 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి చిన్నరైలు వేసిరి. అంతవఱకు బండ్లపై రేవునకు వచ్చు సరకు స్టేషనునకుఁ బోవ మొదలిడెను. 1933లో విశాఖపట్టణపు నౌకాశ్రయము తెఱువఁబడిన పిదప పెద్దయోడలకు మన రేవులతోఁ బనియే లేకపోయెను.

సరకు తగ్గినను మనుష్యుల యెగుమతి తగ్గలేదు. గోపాలపురము, బారువ, కళింగపట్టణముల నుండి స్టీమరులు రంగూనునకుఁ గూలీలను గొనిపోయెను. మేస్త్రీ యిచ్చిన బయానాకుఁ గట్టువడి పోయినవారే యందుఁ బెక్కండ్రు. రంగూను రేవున మూటలు మోసినవారు ముఖ్యముగాఁ దెలుఁగువారు. 1930 మే నెలలో వారు కూలి పెంపునకై సమ్మె చేయఁగా, ఓడల కంపెనీలవారు బర్మీయులను బనికిఁ బెట్టుకొనిరి. సమ్మె తీఱి మనవారు మరలఁ బనికి రాఁగానే బర్మీయులను దొలఁగించిరి. ఆ వైరము కొట్లాటగా మాఱి నూటికిఁ బైగా ప్రాణములు పోయెను. చచ్చినవారిలో మనవారే యెక్కువ. ఇరువర్గముల యాఁకలితో ఆడుకొన్నవారికి మాత్రము నష్టము లేదు. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడఁగా లక్షలాది జనులు అరకాను, అస్సాము దారులఁ గాలినడకను బయలుదేఱిరి. త్రోవలోఁ బడిపోయిన వారెందఱో.

స్వాతంత్ర్యము వచ్చినను వలస నిలువలేదు, త్రోవ మాత్రము మాఱెను. మన పడుచువాండ్రు గుజరాతునందలి వేరావలునకుఁ బోయి పరుల పడవలపై వేఁట చేయుచున్నారు. 2018 నవంబరులో వారిలోఁ గొందఱు పాకిస్తాను బందీలైరి. ఇరువదిమంది 2020 జనవరిలో విడుదలై స్వదేశమునకు వచ్చిరి. ఇంటి ముందఱ సముద్రముండఁగా అంతదూరమేల యని యడుగువారు భావనపాడు చేపలరేవును జూడవలెను. అది ఇసుక మేటచే నిరుపయోగమైనది.

ఈ యిసుకయే మూలపేటకును బ్రధానసమస్య యని మా తలంపు. మన తీరమున నైరృతి కెరటములు ఇసుకను దక్షిణమునుండి యుత్తరమునకు నెట్టుచుండును. సముద్రములోనికి రాతికట్ట వేసిన దక్షిణపుప్రక్క మేట వేయును, ఉత్తరపుప్రక్క యొడ్డు కోసికొనిపోవును. విశాఖలో ఇసుక నరికట్టుటకు రెండు పాతయోడలనే ముంచి యడ్డుకట్టగాఁ జేసిరి. నేఁటికిని ఇసుక త్రవ్వుచునే యున్నారు. మూలపేట కుత్తరమున భావనపాడును, దాని కావల ఉద్దానపుఁ బల్లెలును గలవు. ఆ యొడ్డు కోఁతకు లోనైనచో నెవరు బాధ్యులో ముందే వ్రాయించుకొనవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానునకుఁ గొబ్బరి, జీడితోఁటలు కూలిన తీరమిది. మఱియొక నష్టమునకు దీనియొద్ద నిలువ లేదు.

ఇఁక మనుష్యుల మాట. రేవునకై మూలపేట, విష్ణుచక్రము గ్రామములవారు ఇండ్లు విడువవలసి వచ్చినది. వారికి నౌపడ యొద్ద ఇండ్లస్థలములు నిర్ణయించిరి. ఇదే మండలములోఁ గాకరాపల్లి తంపరయందు థర్మల్ విద్యుత్కేంద్రమును బ్రజలు ప్రతిఘటింపఁగా 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులలో నిరువురు మరణించిరి. కావున ప్రభుత్వపు మాటను ఇచటివారు కాగితముపైఁ జూడనిదే నమ్మకుండుట తప్పుగాదు.

ఇల్లున్నవానికి ఇల్లు, భూమియున్నవానికి ధనము దొరకును. నౌపడ ప్రాంతపు ఉప్పుమడులలోఁ గూలి చేసినవానికిని, తెప్ప వేసి బ్రదికినవానికిని ఏమి దొరకును? 2013నాఁటి భూసేకరణ చట్టము పట్టా లేనివారినిఁ గూడ బాధితకుటుంబములుగా నెన్నినది. సేకరణకు ముందు మూఁడేండ్లు ఆ నేలపైఁ గూలితో బ్రదికినవారును, నీటిని నమ్ముకొన్న జాలరులును, పడవవారును అందు స్పష్టముగాఁ బేర్కొనఁబడిరి. రంగూను రేవున మూటలు మోసినవారికి ఇట్టి వ్రాఁత యేదియు లేకుండెను. సంఘమువారు ఆ తీరపు ప్రతి పల్లెకును బోయి, ఇట్టి కుటుంబముల పేళ్లు జాబితాలో నెక్కినవో లేదో ఇంటింట విచారించి, ఎక్కనివారిచే అర్జీలు వ్రాయించి కలెక్టరుగారి కంద జేయుట యీ యేఁటి పనులలో మొదటిదిగా నుండవలెను.