సముద్రపు బూజునుండి వచ్చిన ఔషధము



క్షీరసాగరమును మథించిననాడు అమృతమునకు ముందు హాలాహలము పుట్టినదని పెద్దలవలన వింటిమి. నేడు నేను చెప్పబోవునది పురాణము కాదు, చరిత్ర. పట్టణపు మురుగు సముద్రమున కలియుచోట, ఎల్లరును ముక్కు మూసికొని తొలగిపోవుచోట, ఒక మహౌషధమునకు మూలము దొరికినది.

మధ్యధరా సముద్రమున ఇటలీ దేశమునకు చెందిన సార్డీనియా యను ద్వీపము కలదు. దాని ముఖ్యపట్టణము కాలియారి. అచ్చటి విశ్వవిద్యాలయమున జుసెప్పె బ్రోట్సు అను వైద్యుడు ఆరోగ్యశాస్త్రాచార్యుడుగా నుండెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945లో ఆ పట్టణమును టైఫాయిడు జ్వరము పీడించుచుండెను. పెనిసిలిన్ అప్పటికే వెలువడియున్నను, ఆ జ్వరము దానికి లొంగునది కాదు.

మురుగు కలియు ఆ తీరముననే పడుచువారు నిర్భయముగా ఈదుచుండిరి. ఆ నీటిలో టైఫాయిడు క్రిములుండక తప్పదు. అయినను వారికి జ్వరము రావలసినంతగా వచ్చుట లేదని బ్రోట్సు గమనించెను. ఇతరులు అదృష్టమని విడిచిపుచ్చు విషయమును ఆయన ప్రశ్నగా పట్టుకొనెను. ఆ నీటియందు క్రిములను అణచు మరొక జీవి కలదేమో! నీటిని తెచ్చి పరీక్షింపగా ఒక బూజు కనబడెను. దాని పేరు సెఫలోస్పోరియం ఆక్రెమోనియం. దానినుండి ఊరిన రసము టైఫాయిడు మొదలగు పెక్కు వ్యాధుల క్రిములను పెరుగనీయకుండెను. ఆ రసమును వడకట్టి రోగులకిచ్చి, కొంత గుణమును కూడ చూచెను.

అయితే దానిని శుద్ధిచేయుటకు తగిన సాధనసంపత్తి ఆయనకు లేదు. లేదని దాచుకొనలేదు. 1948లో తన పరిశోధనను ప్రకటించి, పూర్వము ఆ ద్వీపమున పనిచేసిన ఒక ఆంగ్ల వైద్యుని మూలమున బూజును ఆక్స్‌ఫర్డుకు పంపెను. బడిపంతులునైన నాకు ఈ కథలో మిక్కిలి ప్రియమైన ఘట్టమిదియే. ఇచ్చినకొలది పెరుగునది విద్య యొక్కటియే కదా.

ఆక్స్‌ఫర్డులో ఎడ్వర్డు ఏబ్రహాము, గై న్యూటను అను వారిరువురు దానిని చేపట్టిరి. బ్రోట్సు చూచిన శక్తి చాలవరకు పెనిసిలిన్ జాతికి చెందిన ఒక పదార్థముదేయని తేలెను. కథ అంతటితో ముగియవలసినదే. కాని 1953లో ఆ పదార్థమును పరిశీలించుచుండగా, దానితో కలిసి స్వల్పముగా మరొకటి బయటపడెను. అదియే సెఫలోస్పోరిన్ సి. దాని బలము కొంచెమే. కాని కొన్ని క్రిములు పెనిసిలినును విరిచివేయు ఒక ద్రవ్యమును పుట్టించును. 1940లో ఆ ద్రవ్యమును గుర్తించినవారిలో ఏబ్రహామే యొకడు. ఆ ద్రవ్యము ఈ క్రొత్తదానిని విరువజాలకపోయెను. బలహీనమైనను శత్రువునకు లొంగనిదన్నమాట. రసాయనికులు దాని నిర్మాణమును కొంత మార్చి బలము చేకూర్చిరి. 1964లో సెఫలోథిన్ అను మొదటి మందు వాడుకలోనికి వచ్చెను. ఏబ్రహాము, న్యూటనులు తమకు లభించిన ధనముతో పరిశోధనలకై ధర్మనిధుల నేర్పరచిరి.

నేడు మన పల్లెల మందుల అంగళ్లలో దొరకు సెఫలెక్సిన్, సెఫిక్సీమ్, సెఫ్‌ట్రియాక్సోన్ అన్నియు ఆ వంశమువే. కడపటి రెండును టైఫాయిడునకే ఇచ్చుచున్నారు. బ్రోట్సు ఏ వ్యాధికై సముద్రపు నీటిని వెదకెనో, ఆ వ్యాధికే ఆ బూజు సంతతి మందైనది.

అయితే క్రిములును ఊరకుండలేదు. 2016లో పాకిస్తాను సింధు రాష్ట్రమునందలి హైదరాబాదులో, సెఫ్‌ట్రియాక్సోనుకు సైతము లొంగని టైఫాయిడు బయలుదేరెను. మందును అక్కరలేనిచోట వాడినకొలది, లొంగని క్రిములే మిగిలి వృద్ధిపొందును. కావున పెద్దలైన మీరు రెండు మాటలు మీ ఊరివారికి చెప్పవలెను. వైద్యుడు చెప్పనిదే ఈ మందులను కొని మ్రింగరాదు. చెప్పినపుడు, జ్వరము తగ్గెనని నడుమ మానరాదు. అన్నిటికంటె ముందు, త్రాగునీటిలో మురుగు కలియనీయకుడు. మురుగునుండి మందు దొరకుట ఒక్కనాటి భాగ్యము. మురుగునుండి రోగము వచ్చుట నిత్యసత్యము.